వానలు తెరిపిచ్చాయి: వార్‌బర్డ్‌ను ఎగరేసే ముందు

దసరా దాటి వానలు తెరిపిచ్చాక మన దగ్గర చేతిలోని రేడియోతో నడిపే మోడల్ విమానాల సీజన్ మొదలవుతుంది. ఫిబ్రవరి దాకా పొద్దున పూట గాలి నెమ్మదిగా ఉంటుంది. కోతలైన పొలాలు దొరుకుతాయి, ఎండ కూడా మరీ మండిపోదు. వానాకాలమంతా గోడకు వేలాడిన వార్‌బర్డ్‌ను, అంటే స్పిట్‌ఫైర్, మస్టాంగ్ లాంటి పాత యుద్ధ విమానం మోడల్‌ను దించి, దుమ్ము తుడిచి, ఆ ఆదివారమే ఎగరేయాలనిపిస్తుంది. కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు కూడా ఉంటాయి కాబట్టి అక్కడివాళ్లు ఇంకొన్నాళ్లు ఆగక తప్పదు. ఆ ఆగే రోజులు వృథా కాకుండా, విమానాన్ని బల్ల మీద పెట్టి చూడాల్సిన పని చాలా ఉంది.

ముందు ఒక సంగతి. నేర్చుకునేవాళ్ల ట్రైనర్ మోడల్‌కు రెక్క పైన ఉంటుంది, బరువు తక్కువ. రేడియో మీది స్టిక్స్ వదిలేస్తే చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ల మోడళ్లు అలా కాదు. రెక్క కింద ఉంటుంది, కొసలకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. ముడుచుకునే చక్రాలు, వాటి మోటర్లు, పెద్ద బ్యాటరీ అన్నీ కలిసి బరువు పెరుగుతుంది. అంత బరువును మోయాలంటే వేగం కావాలి. వేగం తగ్గితే ముందు ఒక రెక్క కొస పట్టు తప్పుతుంది, విమానం ఆ పక్కకు ఒక్కసారిగా తిరగబడుతుంది. దీన్నే టిప్ స్టాల్ అంటారు. నేలకు దగ్గర్లో అది జరిగితే సర్దుకోవడానికి టైమ్ ఉండదు. అందుకే ట్రైనర్ మీద, ఆ తర్వాత ఏలెరాన్లున్న (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) లో వింగ్ స్పోర్ట్ మోడల్ మీద చేయి కుదిరాకే వార్‌బర్డ్ జోలికి వెళ్లాలి. దీంట్లో మొహమాటం ఏమీ లేదు.

ఏ విమానం అన్నది కూడా ముఖ్యమే. స్పిట్‌ఫైర్ అందం మీద నాకూ ప్రేమ ఉంది కానీ, మొదటి వార్‌బర్డ్‌గా దాన్ని తీసుకోమని చెప్పను. దాని చక్రాల కాళ్లు బాడీకి దగ్గర మొదలై బయటికి ముడుచుకుంటాయి. అందువల్ల చక్రాల మధ్య దూరం తక్కువ, గడ్డి మీద ఒక పక్కకు ఒరిగి రెక్క తగులుతుంది. అసలు విమానాలకూ ఇదే ఇబ్బంది ఉండేది. హరికేన్, మస్టాంగ్, థండర్‌బోల్ట్ కాళ్లు రెక్కలో దూరంగా మొదలై లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి నేల మీద నిలకడగా ఉంటాయి. మొదలుపెట్టడానికి ఈ మూడింట్లో ఏదైనా మంచిదే.

తేమ చేసిన పని

బాల్సా చెక్క తేమకు వంగుతుంది. దాని మీద అతికించిన ప్లాస్టిక్ ఫిల్మ్ వదులై ముడతలు పడుతుంది. విమానాన్ని తోక వైపు నుంచి చూడండి, రెండు రెక్కల వెనక అంచులు ఒకే తీరులో ఉండాలి. చాలా మోడళ్లలో రెక్క కొసను మొదలు కంటే కొంచెం తక్కువ కోణంలో కడతారు, కొస చివరిదాకా పట్టు తప్పకుండా ఉండటానికి. దీన్ని వాషౌట్ అంటారు. ఒక పక్క వాషౌట్ పోయి వెనక అంచు కిందికి వంగిందంటే, నెమ్మదిగా ఎగిరేటప్పుడు ఆ పక్కే ముందు పడిపోతుంది. ట్రిమ్‌తో (రేడియోలో చేసే చిన్న సర్దుబాటుతో) సర్దుకుందాం అనుకోవద్దు. రెక్కను ఎదురు వైపు మెలితిప్పి పట్టుకుని ఫిల్మ్‌ను ఐరన్‌తో మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరవుతుంది. కాకపోతే ఆ రెక్క పక్కన పెట్టాల్సిందే.

కదిలే పలకలను పట్టి ఉంచే హింజ్‌లన్నీ ఒక్కొక్కటిగా పట్టి గట్టిగా లాగి చూడండి. చేతికి ఊడేది గాల్లో ఎలాగూ ఊడుతుంది, చేతికే ఊడటం మేలు. మోటర్ బిగించిన పలకను (ఫైర్‌వాల్‌ను) పట్టి కదిపి చూడండి. కొత్తగా కట్టేవాళ్లు ఆ చోట అయిదు నిమిషాల ఎపాక్సీ వాడొద్దు, 30 నిమిషాలదే వాడాలి. మోటర్ స్క్రూలకు అవి వదులు కాకుండా పట్టే థ్రెడ్‌లాక్ జిగురు పెట్టాలి. ప్రాప్ (ప్రొపెల్లర్) మీద గోరుతో గీరినంత చీలిక కనిపించినా పారేయండి, అతికించి వాడే వస్తువు కాదది. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు మోటర్‌కు గాలి పోయే రంధ్రాలంటే భలే ఇష్టం, లోపల టార్చి వేసి చూడాలి. కాళ్ల తీగలకు, చక్రాల ఇరుసులకు తుప్పు, కనెక్టర్లకు పచ్చటి చిలుము ఉందేమో కూడా చూడాలి.

సూపర్‌గ్లూ వాడేటప్పుడు కిటికీలు తెరవండి. అది నూలు బట్ట మీద ఒలికితే వేడెక్కి పొగ వస్తుంది, చర్మం కాలుతుంది. బాల్సా, ఫైబర్‌గ్లాస్ సాండింగ్ చేసేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

బ్యాటరీ ఉన్న ఇల్లు

విమానం విరిగితే డబ్బు పోతుంది, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అంటుకుంటే ఇల్లు పోతుంది. ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలి చెబుతున్నాను.

లైపో ఒక్కో సెల్‌కు మామూలు వోల్టేజ్ 3.7, ఫుల్ ఛార్జ్‌లో 4.2. దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. జూన్‌లో ఫుల్ ఛార్జ్‌తో అలాగే వదిలేసిన ప్యాక్ ఉబ్బి ఉంటుంది. ఉబ్బినదాన్ని ఇంకొక్క ఫ్లైట్‌కు కూడా వాడొద్దు. ఆరుబయట చిన్న కారు బల్బు కలిపి పూర్తిగా దింపేసి, కొసలకు టేపు చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. ఉబ్బకపోయినా ఏ సెల్ అయినా 3 వోల్టుల కంటే కిందికి పోయి ఉంటే దానికీ అదే దారి.

ఛార్జింగ్ ఎప్పుడూ సెల్స్ అన్నీ సమంగా నిండే బ్యాలెన్స్ మోడ్‌లోనే. 4000 ఎంఏహెచ్ ప్యాక్ అయితే 4 ఆంపియర్లు మించకుండా పెట్టండి. మంచం మీద, సోఫాలో, దేవుడి గది పక్కన అస్సలు వద్దు. వరండాలో టైల్స్ మీదో సిమెంటు గచ్చు మీదో పెట్టి, పక్కన బకెట్ ఇసుక ఉంచుకుని, అయ్యేదాకా అక్కడే ఉండాలి. రాత్రి పెట్టి పడుకోవడం, పెట్టి బజారుకు పోవడం రెండూ ఒకటే. ఫీల్డ్‌కు తీసుకెళ్లిన బ్యాటరీలను అద్దాలు మూసిన కారులో ఎండకు వదలొద్దు.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో బ్యాటరీలు తెప్పించుకునే అలవాటు మనకుంది. విడి లిథియం బ్యాటరీలు చెకిన్ సామానులో పెట్టకూడదు. చేతి బ్యాగులోనే, కొసలకు టేపు వేసి తేవాలి. 100 వాట్ అవర్స్ లోపు అయితే మామూలుగా ఇబ్బంది ఉండదు. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 6ఎస్ (ఆరు సెల్స్) 5000 ఎంఏహెచ్ ప్యాక్ 111 వాట్ అవర్స్ అవుతుంది, కాబట్టి వాళ్లకు ముందే చెప్పండి. పాపం, ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేది వాళ్లు.

బల్ల మీద రేడియో సెట్ చేసేటప్పుడు ప్రాప్ తీసేసి ఉంచండి. ఫీల్డ్‌లో ముందు రేడియో ఆన్, తర్వాత బ్యాటరీ. దిగాక ముందు బ్యాటరీ తీసి, తర్వాత రేడియో ఆఫ్. మోటర్ తిరగకుండా ఆపే థ్రాటిల్ కట్ స్విచ్ పెట్టుకోవాలి, ఎగిరే క్షణం దాకా అది వేసే ఉండాలి. ప్రాప్ తిరిగే గీతలో ఎవరూ నిలబడకూడదు, పిల్లలైతే మరీను. మెథనాల్‌తో నడిచే గ్లో ఇంజిన్ వాడేవాళ్లకు ఇంకో మాట: మెథనాల్ మంట పగటిపూట సరిగ్గా కనబడదు, అది ఒళ్లు కాల్చేదాకా తెలియదు. వేలితో ప్రాప్ తిప్పి స్టార్ట్ చేయడం మానేయండి.

సీజీ, స్టిక్స్

వార్‌బర్డ్‌లలో చాలావాటికి ముక్కు పొట్టి, అందుకని తోక వైపు బరువు ఎక్కువవుతుంది. ముందు బరువు కలపాల్సి వస్తే బాధపడొద్దు, కలపండి. లో వింగ్ విమానాన్ని వెల్లకిలా తిప్పి వేళ్ల మీద నిలబెట్టి సీజీ (విమానం బరువు సరిగ్గా తూగే చోటు) చూడటం సులువు. బ్యాటరీ అసలు చోటులో కట్టి ఉండాలి. మొదటి ఫ్లైట్‌కు సీజీని మాన్యువల్ ఇచ్చిన హద్దులో ముక్కు వైపు కొసకే ఉంచండి. బ్యాటరీని వెల్క్రోతో మాత్రమే వదలకుండా పట్టీ కూడా బిగించాలి. గాల్లో అది వెనక్కి జారితే సీజీ లెక్కంతా పోతుంది.

తర్వాత విమానం వెనక నిలబడి స్టిక్‌ను కుడికి తోయండి. కుడి ఏలెరాన్ పైకి, ఎడమది కిందికి పోవాలి. ప్రతి ఫ్లైట్‌కు ముందు, పైకి చెప్పుకుంటూ చూడాల్సినది ఇది. ఏలెరాన్లు తలకిందులుగా ఉంటే ఎంత చేయి తిరిగినవాళ్లకైనా మూడు సెకన్లలో అయిపోతుంది. ఎలివేటర్ (తోక దగ్గరి అడ్డ పలక) స్టిక్ లాగితే పైకి, రడ్డర్ (తోక దగ్గరి నిలువు పలక) కుడి అంటే కుడికి. 25 నుంచి 30 శాతం ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు స్పందనను మెత్తబరిచేది), లో రేట్స్ (పలకల కదలికను తగ్గించేవి) ఒక స్విచ్ మీద పెట్టుకోండి. రేడియో సిగ్నల్ తగ్గించి పరీక్షించే రేంజ్ చెక్ మోడ్‌లో మాన్యువల్ చెప్పినంత దూరం నడిచి చూడండి. రేడియో ఆపితే మోటర్ ఆగిపోవాలి, అదే ఫెయిల్‌సేఫ్.

చక్రాలను స్టాండ్ మీద ఓ ఇరవై సార్లు ముడిచి తెరవండి. ఇరుక్కున్న రిట్రాక్ట్ (చక్రాలు ముడిచే భాగం) కరెంటు లాగేస్తుంది, పలకలను కదిపే చిన్న మోటర్లు, అంటే సర్వోలన్నీ అదే బీఈసీ (వాటికి కరెంటిచ్చే భాగం) మీద ఉంటే విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్ రీసెట్ అయి చేతులెత్తేస్తుంది. పెద్ద మోడల్ అయితే వేరే బీఈసీ పెట్టండి.

ఎక్కడ ఎగరేయాలి

మన దేశంలో వీటికి డ్రోన్ రూల్స్, 2021 వర్తిస్తాయి. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ పొలం గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, ఎయిర్‌పోర్ట్ హద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. హైదరాబాద్‌వాళ్లకు శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి. ఊరి చివర ఖాళీ జాగా కనబడగానే దిగిపోవద్దు. ఆగస్టు 15, జనవరి 26 దగ్గర పడినప్పుడు పోలీసులు విడిగా ఆంక్షలు పెడుతుంటారు, అవీ చూసుకోవాలి.

పొలం రైతును అడగండి. పశువులు మేసేచోట, కరెంటు తీగల దగ్గర వద్దు. చూడటానికి వచ్చినవాళ్లందరినీ మీ వెనక నిలబెట్టి, విమానం ఎప్పుడూ మీ ముందే తిరిగేలా చూసుకోండి. గద్దలు చుట్టుముడితే దించేయండి. సంక్రాంతి వారం పట్టణాల చుట్టుపక్కల ఎగరేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మాంజా కంటికి కనబడదు, రెక్కను కోస్తుంది, ప్రాప్‌కు చుట్టుకుంటుంది.

ఇంకో చిక్కు రంగుతో వస్తుంది. కామోఫ్లాజ్ ఉన్నదే కనబడకుండా ఉండటానికి, మనకేమో విమానం కనబడాలి. మంచు పట్టిన ఉదయం అది ఎటు తిరిగి ఉందో తెలియక పోగొట్టుకునేవాళ్లున్నారు. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు సొంత సైన్యం పొరబడి కాల్చకుండా మిత్రపక్షాల విమానాలకు నలుపు తెలుపు చారలు వేశారు. ఆ చారల మోడల్ మనకూ బాగా పనికొస్తుంది. బర్మా యుద్ధంలో మన వైమానిక దళం హరికేన్లకు, స్పిట్‌ఫైర్లకు వాటి మీది గుండ్రటి గుర్తులోని ఎరుపు తీసేసి నీలం ఛాయలు ఉంచారు, జపాన్ ఎర్ర సూర్యుడితో పొరబడకుండా. ఆ రంగులు వేసుకోవాలనుకునేవాళ్లు (వేసుకోవాలి కూడా, అది మన చరిత్ర) రెక్క అడుగున వెడల్పాటి తెల్ల పట్టీ ఒకటి కలపండి.

ఎగరడం, దిగడం

గాలికి ఎదురుగా నిలబెట్టి, ఎలివేటర్ కొంచెం లాగి తోకను నేలకు పట్టి ఉంచి, థ్రాటిల్ మెల్లగా పెంచండి. మామూలు ప్రాప్‌తో విమానం ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్ సిద్ధంగా ఉంచుకోవాలి. థ్రాటిల్ ఒక్కసారే కొట్టేస్తే ఆ లాగుడు చేతికందదు. వేగం పుంజుకున్నాక ఎలివేటర్ వదిలితే తోక లేస్తుంది. ఇంకా పరిగెత్తనివ్వండి. నేల విడిచాక నిటారుగా లేపొద్దు, ఏటవాలుగా ఎక్కనివ్వండి.

పైకి వెళ్లి ట్రిమ్ చేశాక ఒక పరీక్ష తప్పకుండా చేయాలి. 150 అడుగులకు పైన చక్రాలు, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించి, థ్రాటిల్ తగ్గిస్తూ ఎక్కడ ఏ రెక్క పడుతుందో చూడండి. ఫ్లాప్స్ దించగానే ముక్కు లేస్తుందో వాలుతుందో అప్పుడే తెలుస్తుంది. రెక్క పడితే ఏలెరాన్‌తో లేపబోవద్దు, అది ఇంకా పడుతుంది. ఎలివేటర్ వదిలి, థ్రాటిల్ ఇచ్చి, ఎదురు రడ్డర్ వేయాలి. మొదటి ఫ్లైట్‌కు టైమర్ 4 నిమిషాలు చాలు. దిగేటప్పుడు రెండోసారి తిరిగి రావడానికి బ్యాటరీ ఉండాలి.

వార్‌బర్డ్‌లు ఎక్కువగా పోయేది రన్‌వే వైపు తిరిగే ఆఖరి మలుపులో. కిందకు వచ్చింది, దూరం పోయింది, లాగి తిప్పుదాం అనిపిస్తుంది. ఆ లాగడంలోనే లోపలి రెక్క పట్టు తప్పుతుంది. మలుపు వెడల్పుగా, తక్కువ వాలుతో, థ్రాటిల్ ఉంచి తిప్పండి. రన్‌వే దాటిపోతే పోనీ, చుట్టు తిరిగి రండి. సగం ఫ్లాప్స్‌తో, ముక్కు కొంచెం కిందికి ఉంచి, ముందు రెండు చక్రాలు నేలను తాకేదాకా థ్రాటిల్ పూర్తిగా తీయొద్దు. తోకచక్రంతో సహా మూడూ ఒకేసారి దించే ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చు. పరుగు తగ్గేకొద్దీ ఎలివేటర్ మెల్లగా లాగి తోకను నేలకు ఆనించాలి, లేకపోతే ముక్కు గుచ్చుకుంటుంది.

గాల్లో మోటర్ ఆగిపోతే వెనక్కి తిప్పాలని ఆశపడొద్దు. ముక్కు వంచి వేగం కాపాడుకుంటూ ఎదురుగా ఏది ఉంటే అందులో, మనుషులు లేని వైపు దించండి. చేను అయితే చక్రాలు ముడిచి పొట్ట మీద దించడమే మేలు.

కూలితే ముందు థ్రాటిల్ కట్. రేడియో ఆన్‌లోనే పట్టుకుని వెళ్లండి. మోటర్ కదలడం లేదని చూసుకుని బ్యాటరీ విప్పి, గడ్డి లేని మట్టి నేల మీద విడిగా అరగంట ఉంచండి, దెబ్బతిన్న లైపో ఆలస్యంగా కూడా అంటుకుంటుంది. కోతలైన చేలో ఎండుమోళ్లు ఉంటాయి, ఒక్క నిప్పు చాలు. ఆ అరగంట ఒకరు దాని దగ్గర కాపలా ఉండాలి. ముక్కలు ఏరుకోవడం ఆ తర్వాత.