చేదు లేని క్వినోవా: సంకరం నుంచి ఎంపిక దాకా

క్వినోవా గింజ కడిగితే నురగ వస్తుంది. పై పొరలోని సపోనిన్ వల్లే అది, చేదు కూడా దానిదే. బొలీవియాలో 1960ల్లో రూపొందించిన సజామా లాంటి తీపి రకాల్లో ఆ బెడద దాదాపు లేదు. తీపి అంటే చేదు లేదనే, చక్కెర తీపి కాదు. ఆ గుణాన్ని దిగుబడి బాగున్న చేదు రకంలోకి ఇలా తేవచ్చు.

తల్లిగా పచ్చ కాండం ఉన్న తీపి రకాన్ని, తండ్రిగా ఎర్ర కాండం ఉన్న చేదు రకాన్ని తీసుకోండి. ఎరుపు ప్రబల లక్షణం, అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపిస్తుంది. సంకర విత్తనం మొలిస్తే ఎర్రగా వస్తుంది, సొంత పుప్పొడితో కట్టిన గింజ పచ్చగా మొలుస్తుంది. పచ్చవాటిని పీకేయండి. పువ్వు 3 మిల్లీమీటర్లకు మించదు కాబట్టి ఎంత నేర్పరి చేసినా సొంత పుప్పొడి కొంత పడుతుంది. రంగు గుర్తు లేకుండా ఈ పనికి దిగొద్దు.

తండ్రి రకాన్ని వారం తేడాతో మూడు దఫాలుగా, 1-2 సెంటీమీటర్ల లోతులో విత్తితే పూత కలుస్తుంది. పూతవేళ ఎండ 35 డిగ్రీలు దాటితే గింజ సరిగా కట్టదు. అనంతపురం లాంటి చోట అక్టోబరు, నవంబరుల్లోనే విత్తాలి.

తల్లి కంకిలో ఒక చిన్న గుత్తి ఉంచి మిగతావి కత్తిరించండి. అందులో ద్విలింగ పూలూ ఆడ పూలూ కలిసే ఉంటాయి. భూతద్దం కింద సన్నమొన పట్టకారుతో ద్విలింగ మొగ్గల్లోని 5 పుప్పొడి తిత్తులూ పగలకముందే తీసేసి, బటర్ పేపర్ సంచి తొడగండి. కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే కొనలు) బయటికి వచ్చాక రెండు మూడు రోజులు, పొద్దెక్కాక తండ్రి కంకిని వాటిపై దులపండి.

చాలామంది తడబడేది ఆ తర్వాతే. సపోనిన్ ఉండే పొర తల్లి మొక్క కణజాలం. లోపలి పిండం ఏదైనా చేదును నిర్ణయించేది గింజ కాసిన మొక్కే. చేదు ప్రబలం కనుక ఎఫ్1 (సంకరం తొలి తరం) మొక్కలకు కాసే గింజలన్నీ చేదే. సంకరం చెడిందనుకుని పారేయకండి. వాటి విత్తనంతో కనీసం 200 ఎఫ్2 (రెండో తరం) మొక్కలు పెంచి, కంకులకు సంచులు తొడిగి, ఏ మొక్క గింజలు ఆ మొక్కవిగా విడిగా కోయండి. సుమారు 50 మొక్కలు తీపివి దొరకాలి.

పరీక్ష సులువు. అర గ్రాము గింజలు, 5 మిల్లీలీటర్ల నీళ్లు పరీక్షనాళికలో వేసి 30 సెకన్లు గట్టిగా ఊపండి. అరగంట ఆగి 20 సెకన్లు, మరో అరగంటకు 30 సెకన్లు ఊపి, 5 నిమిషాల తర్వాత నురగ ఎత్తు కొలవండి. పక్కనే తల్లి రకం గింజలతోనూ చేసి పోల్చండి. నాళికకు సబ్బు అంటి ఉంటే కొలత పనికిరాదు.

తీపి మొక్క సంతతి తీపిగానే నిలుస్తుంది, పక్క పొలం పుప్పొడి పడనంతవరకు. పడినా ఆ ఏడు గింజలో తెలియదు, మరుసటి పంటలో చేదు మొక్కలై బయటపడుతుంది. అందుకే ఎఫ్6 దాకా సంచులు, ఏటా నురగ పరీక్ష తప్పవు. బూజు తెగులు పట్టేవి, పడిపోయేవి, వానకు కంకిలోనే మొలకెత్తేవి వరసలవారీగా తీసేయండి. చక్రవర్తి కూర లేత మొక్కలు క్వినోవాలాగే ఉంటాయి, కలుపు తీసేటప్పుడు కళ్లు తెరుచుకుని చూడాలి. గింజ పాలు పోసుకునేసరికి వలలు కట్టండి: చేదు రకాన్ని వదిలేసే పిట్టలు దీన్ని వదలవు.