పెన్‌డ్రైవ్‌ని ఏ సిస్టమ్‌లోనైనా సరిగ్గా గుర్తుపట్టడం ఎలా?

పెన్‌డ్రైవ్‌లోకి ఉబుంటు లినక్స్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఎక్కించేటప్పుడో, పాత హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేసేటప్పుడో అందరికీ ఉండే టెన్షన్ ఒకటే: నొక్కబోతున్నది సరైన డిస్క్ మీదేనా? ఒకే పెన్‌డ్రైవ్‌ని విండోస్ ‘ఈ’ అంటుంది, లినక్స్ ‘ఎస్‌డీబీ’ అంటుంది, మ్యాక్ ‘డిస్క్4’ అంటుంది, పైగా రేపు మళ్లీ పెడితే ఇవే పేర్లు వస్తాయన్న గ్యారంటీ లేదు. అందుకే ఆ పేరును నమ్ముకోకుండా లేబుల్, సైజు చూసుకోవాలి.

ముందుగా రీనేమ్ కొట్టి పెన్‌డ్రైవ్‌కి మీకు తెలిసే లేబుల్ పెట్టండి. దాని ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 11 అక్షరాలు దాటనివ్వదు. తర్వాత, పెన్‌డ్రైవ్ గుచ్చకముందు ఒకసారి, గుచ్చాక ఒకసారి డిస్క్‌ల లిస్టు చూడండి, కొత్తగా చేరిందే మీది. 32 జీబీ అని కొన్నది విండోస్‌లో, లినక్స్ టెర్మినల్‌లో 28, 29 అని కనిపిస్తే కంగారు పడొద్దు, అవి 1024తో లెక్కేస్తాయి, మ్యాక్ 1000తో లెక్కేస్తుంది.

విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద డిస్క్ 0, డిస్క్ 1 అని వరసగా ఉంటాయి, పెన్‌డ్రైవ్ దగ్గర సాధారణంగా రిమూవబుల్ అని రాసి ఉంటుంది. సి, డి అనే అక్షరాలు పార్టిషన్లవి (డిస్క్‌ని విడగొట్టిన భాగాలవి), డిస్క్‌వి కావు, రెండూ ఒకే డిస్క్‌లో ఉండొచ్చు. బ్యాకప్ డ్రైవ్‌కి మాత్రం ‘చేంజ్ డ్రైవ్ లెటర్’లోకి వెళ్లి ఎక్స్ లాంటి చివరి అక్షరం ఇచ్చేయండి, అంత దూరం వేరే పెన్‌డ్రైవ్‌లు పోటీకి రావు. సి జోలికి వెళ్లొద్దు.

అసలు జాగ్రత్త పడాల్సింది లినక్స్‌లో. టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్క్‌ల లిస్టు చూపే కమాండ్) కొడితే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని డిస్క్‌లు, వాటి కింద ఎస్‌డీబీ1, ఎస్‌డీబీ2 అని పార్టిషన్లు వస్తాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో లోపలి ఎస్ఎస్‌డీ పేరు ‘ఎన్‌వీఎంఈ0ఎన్1’ అని ఉంటుంది, దాని రెండో పార్టిషన్‌కి చివర ‘పీ2’ చేరుతుంది. అలాంటి మెషీన్‌లో పెన్‌డ్రైవే ఎస్‌డీఏ అయిపోతుంది, రెండు సాటా (కేబుల్‌తో తగిలించే రకం) డిస్క్‌లున్న డెస్క్‌టాప్‌లోనేమో ఎస్‌డీబీ అంటే మీ ఫొటోలున్న డిస్క్ కావచ్చు. కాబట్టి నెట్‌లో దొరికిన డీడీ (ఫైలును నేరుగా డిస్క్ మీద రాసే) కమాండ్‌ని ఉన్నదున్నట్టు పేస్ట్ చేయడం శుద్ధ తప్పు, అది ‘నిజంగా చెరిపేయమంటారా’ అని కూడా అడగదు. ఐఎస్ఓ రాసేటప్పుడు ఎస్‌డీబీ1 కాదు, మొత్తం ఎస్‌డీబీ ఇవ్వాలి.

ఎప్పుడూ తగిలించి ఉంచే డ్రైవ్ అయితే ఎల్ఎస్‌బీఎల్‌కేకి ‘-ఎఫ్’ కలిపి కొట్టండి, యూయూఐడీ (ఆ పార్టిషన్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు) కనిపిస్తుంది. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డ్రైవ్‌లు తగిలించాలో రాసే ఫైలులో) ఎస్‌డీబీ1 బదులు దాన్నే రాసి, పక్కన ‘నోఫెయిల్’ పెట్టండి, లేకపోతే డ్రైవ్ ఊడదీసిన రోజు సిస్టమ్ బూట్ అవకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు. ఫార్మాట్ చేస్తే యూయూఐడీ మారుతుంది, మళ్లీ రాసుకోవాలి.

మ్యాక్ టెర్మినల్‌లో ‘డిస్క్‌యుటిల్ లిస్ట్’ కొట్టండి. డిస్క్4ఎస్1 అంటే డిస్క్4లో మొదటి పార్టిషన్. ఉన్నది ఒక్క ఎస్ఎస్‌డీయే అయినా నాలుగైదు డిస్క్‌లు కనిపిస్తాయి, ఏపీఎఫ్ఎస్ (మ్యాక్ సొంత ఫైల్ సిస్టమ్) కంటైనర్లకి కూడా విడిగా నంబర్లిస్తారు, వాటి పక్కన ‘సింథసైజ్డ్’ అని ఉంటుంది. ‘ఎక్స్‌టర్నల్, ఫిజికల్’ అన్న వరసలో మీ లేబుల్, సైజు కలిస్తే అదే మీ పెన్‌డ్రైవ్. డీడీతో రాయబోతే ‘రిసోర్స్ బిజీ’ అంటుంది, ముందు ‘డిస్క్‌యుటిల్ అన్‌మౌంట్‌డిస్క్’ కొట్టి, డీడీలో డిస్క్4 బదులు ఆర్‌డిస్క్4 అని ఇవ్వండి, చాలా తొందరగా అయిపోతుంది.