పాండమిక్ టైమ్‌లో వార్డు రౌండ్స్ వీడియో కాల్‌లో ఎలా చేయాలి?

2020లో గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించిన రోజులు హైదరాబాద్ వాళ్లకు గుర్తుండే ఉంటాయి. అలాంటి సమయంలో వార్డు రౌండ్స్‌కి, అంటే రోజూ బెడ్ బెడ్‌కీ వెళ్లి పేషెంట్లను చూడటానికి, ప్రొఫెసర్, పీజీలు (పీజీ చదువుతున్న డాక్టర్లు), హౌస్ సర్జన్లు, సిస్టర్లు అంతా ఒకే బెడ్ చుట్టూ మూగకూడదు. ఇద్దరు లోపలికి వెళ్తే చాలు, మిగతావాళ్లు బయటి నుంచి వీడియోలో కలవొచ్చు. కాకపోతే ముందే సర్దుకోకపోతే రౌండ్ అంతా "సార్, వినిపిస్తోందా?" తోనే గడిచిపోతుంది.

1. లోపలికి పేషెంట్లను చూసే పీజీ, ఆ షిఫ్ట్ సిస్టర్ వెళ్లాలి. వీడియో కాల్ చేసే ట్యాబ్ వార్డులోనే ఉండాలి, బయటికి తేవద్దు. దాన్ని సెలైన్ స్టాండ్‌కి బిగిస్తే చేతులు ఖాళీగా ఉంటాయి. మాస్క్‌తో ఫేస్ లాక్ తెరుచుకోదు, గ్లౌజులతో వేలిముద్ర పడదు కాబట్టి పిన్ పెట్టండి.

2. అసలు తలనొప్పి మాట వినిపించకపోవడమే. ఎన్95, దానిమీద ఫేస్ షీల్డ్, పక్కన ఆక్సిజన్ హోరు, మానిటర్ అలారాలు. చిన్న మైక్ ఒకటి మాట్లాడేవాళ్ల దగ్గరే ఉంచండి, బయటివాళ్లంతా మ్యూట్‌లో ఉండండి, డ్యూటీ రూమ్‌లో రెండు ఫోన్ల నుంచి కాల్‌లో చేరితే ఎకో వస్తుంది కాబట్టి ఒక్కటే చాలు. అంకెలు విడివిడిగా చెప్పండి: ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి, మాస్క్‌తో 15 లీటర్ల ఆక్సిజన్‌లో ఉన్న మనిషికీ హై ఫ్లోలో (ముక్కు గొట్టాలతో చాలా వేగంగా ఆక్సిజన్ ఇచ్చే మెషీన్) 50 లీటర్ల మీద ఉన్న మనిషికీ చాలా తేడా. "వన్ ఫైవ్" అంటే పొరపాటుకు తావుండదు.

3. కెమెరా తిప్పేముందు పేషెంట్‌ని అడగండి, తెలుగులోనో ఉర్దూలోనో. "పెద్దాయనా, మా పెద్ద డాక్టర్ గారు ఇందులోంచి చూస్తారు, చూపించమంటారా?" పక్క బెడ్ కనిపించకూడదు, రికార్డింగ్ వద్దే వద్దు. పాస్‌వర్డ్, వెయిటింగ్ రూమ్ పెట్టి, అందరూ వచ్చాక మీటింగ్ లాక్ చేయండి. జూమ్ భద్రత గురించి 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖే హెచ్చరించింది.

4. బెడ్ నంబర్ల వరస వదిలేసి, సీరియస్‌గా ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి. ముందు సిస్టర్‌ని మాట్లాడనివ్వండి, ఇది నేను గట్టిగా చెప్పే మాట. రాత్రి మాస్క్ పీకేసుకున్నదెవరో, అన్నం ముట్టనిదెవరో, బోర్లా పడుకోలేకపోతున్నదెవరో ఆవిడకే తెలుసు. తర్వాత పీజీ సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఇస్తున్న ఆక్సిజన్, నిన్నటికీ ఇవాళ్టికీ మారిందేమిటో చెప్పాలి. ఇచ్చిన ఆర్డర్‌ని తిరిగి పైకి చదివి, అక్కడికక్కడే కేస్ షీట్‌లో రాయాలి.

5. నెట్ ఆగిపోతుంటే వీడియో ఆపి ఆడియోతో కానిచ్చేయండి. ట్యాబ్‌ని బెడ్‌కీ బెడ్‌కీ మధ్య 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. చల్లబడ్డ చేతులు, గట్టిపడ్డ పొట్ట స్క్రీన్‌లో తెలియవు. లోపలున్నవాళ్లు "ఈ పేషెంట్ ఎందుకో తేడాగా ఉన్నారు సార్" అంటే కాల్ పక్కన పెట్టి, సీనియర్ డాక్టర్ పీపీఈ కిట్ వేసుకుని లోపలికి వెళ్లాల్సిందే.