గుడికి, చర్చికి, మసీదుకి ప్రజల సొమ్ము ఎలా వెళ్తోంది? విశాఖలో కూపీ లాగే పద్ధతి

మతం, ప్రభుత్వం కలిసే చోట పరిశోధన మొదలుపెట్టే విలేకరికైనా, మామూలు పౌరుడికైనా నేను ముందు చెప్పే మాట ఒకటే: భక్తి జోలికి వెళ్లకండి, ఫైలు జోలికి వెళ్లండి. ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తున్నారన్నది మనకు అనవసరం. ఏ ఖాతాలోంచి డబ్బు కదిలింది, ఏ సర్వే నంబరు చేతులు మారింది, సంతకం ఎవరిది? ఈ మూడూ తేలితే చాలావరకు కథ తేలినట్టే.

2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం నాడు, అప్పటికి కొద్ది రోజుల ముందే కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. 300 రూపాయల టికెట్ కొని క్యూలో నిలబడ్డవాళ్లు వాళ్లు. ఆ గోడ కట్టమన్నదెవరు, డిజైను చూసిందెవరు, బిల్లు పాస్ చేసిందెవరు అని అడగడం గుడికి వ్యతిరేకం ఎలా అవుతుంది? ఆ ప్రశ్న ముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ముందు కొలబద్ద తేల్చుకోండి

చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలన్న మాట అమెరికాది. 1802లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఒక ఉత్తరంలో రాశాడు. మన దగ్గర ఆ గోడ లేదు. 1987 నాటి దేవాదాయ చట్టం కింద గుళ్లను మన ప్రభుత్వమే పర్యవేక్షిస్తుంది, ఈవోలను (కార్యనిర్వహణాధికారులను) వేస్తుంది. అందుకని అమెరికా కొలతతో ఇక్కడ కొలిస్తే మీ వార్త మొదటి పేరాలోనే తప్పుతుంది.

మన కొలబద్దలు వేరు. ఏదో ఒక మతాన్ని పెంచడానికి ప్రత్యేకంగా కేటాయించే పన్ను కట్టమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణ అంటుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదని 28వది అంటుంది. లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2011లో హజ్ సబ్సిడీ కేసులో అదే కోర్టు ఇంకో మాట కూడా చెప్పింది: పన్నుల సొమ్ములో గణనీయమైన భాగం ఒక మతానికి పోతేనే 27వ అధికరణ ఉల్లంఘన అవుతుంది, కొద్దిపాటి ఖర్చు అలా కాదు. కాబట్టి ప్రభుత్వం ఇచ్చిన ప్రతి రూపాయినీ 'అక్రమం' అని రాసెయ్యకండి. నిబంధన ఏమిటో చూపించి, అది ఎక్కడ తప్పారో చూపిస్తే చాలు.

ఒక్క దారి పట్టుకోండి

డబ్బు వెళ్లే దారులు చాలా ఉన్నాయి. ఇమాములకు 10,000, మసీదులో నమాజుకు పిలుపిచ్చే మౌజన్లకు 5,000, పాస్టర్లకు 5,000 చొప్పున రాష్ట్రం ప్రకటించిన గౌరవ వేతనాలు ఒక దారి. హజ్, జెరూసలేం యాత్రలకు సాయం ఇంకొకటి. 2019లో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు దాన్ని 40,000 నుంచి 60,000 రూపాయలకు పెంచారు. సింహాచలం లాంటి క్షేత్రాలకు కేంద్ర పర్యాటక శాఖ 'ప్రసాద్' పథకం నిధులు మరొకటి. ఇక భూములు. అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ తెమలదు. ఒకే పథకం, ఒకే మండలం, ఒకే ఆర్థిక సంవత్సరం చాలు.

శిలాఫలకం చదవండి

ఇది పైసా ఖర్చులేని పని, చాలామంది చెయ్యనిది. మీ వార్డులో ఏ ప్రార్థనా మందిరం ఆవరణలోనైనా కొత్త షెడ్డో, కమ్యూనిటీ హాలో, సీసీ రోడ్డో కనిపిస్తే దాని ముందున్న రాయి దగ్గర ఆగండి. ప్రారంభించినవారి పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. వాటిని వదిలేసి కింద చిన్నక్షరాలు చూడండి. ఏ నిధులు, అంచనా ఎంత, ఏ తేదీ. ఆ వరుసలో 'ఎంపీ ల్యాడ్స్' (ఎంపీల స్థానికాభివృద్ధి నిధులు) అని ఉంటే ఆగి ఆలోచించాల్సిందే. ప్రార్థనా స్థలాల లోపల గానీ, మత సంస్థల సొంత స్థలంలో గానీ పనులు చేయించకూడదని ఆ పథకం మార్గదర్శకాల్లోనే ఉంది. రాయి మొత్తం పడేలా ఒక ఫొటో, అక్షరాలు కనిపించేలా దగ్గర నుంచి ఒకటి, చుట్టుపక్కల కట్టడం తెలిసేలా ఇంకొకటి తీసుకోండి. తర్వాత ఆ స్థలం ఎవరిదో తేల్చాలి. గోడ బయట ఉన్నది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) స్థలమైతే కథ మారిపోతుంది, ఆ తేడా తెలియకుండా రాయకూడదు.

భూమి కాగితాలు

విశాఖలో ఈ పరిశోధనకు వెన్నెముక భూమే. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. ఈ పంచగ్రామాల్లో ఇల్లు ఉన్న ఎవర్నడిగినా సింహాచలం దేవస్థానం భూమి చిక్కు ఏమిటో చెబుతారు. దశాబ్దాలుగా ఉంటున్నవాళ్లు ఒకవైపు, దేవుడి ఆస్తి ఇంకోవైపు. ఇద్దరి గోడూ విన్నాకే పెన్ను పట్టండి.

సర్వే నంబరు దొరగ్గానే రెవెన్యూ శాఖ 'మీ భూమి' పోర్టల్లో అడంగల్ (సాగు, అనుభవం వివరాలు), వన్‌బి (హక్కుదారు వివరాలు) చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన లావాదేవీల చిట్టా, తీయండి. అదే నంబరు, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉండాలి. ఉండాల్సిన నంబరు జాబితాలో లేకపోయినా, ఉన్నది ఏ ఉత్తర్వూ లేకుండా మాయమైనా అక్కడే కూర్చుని తవ్వండి. గుడి అయితే దేవాదాయ చట్టం కింద ఆ శాఖ దగ్గర ఉండే 43వ సెక్షన్ రిజిస్టరుతో, వక్ఫ్ అయితే గెజిట్‌తో పోల్చండి. చర్చి ఆస్తి సాధారణంగా సొసైటీ లేదా ట్రస్టు పేరున ఉంటుంది, సొసైటీ కాగితాలు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతాయి.

ప్రభుత్వ భూమి మత సంస్థకు ఇస్తే ఎలా చూడాలో నేర్చుకోవడానికి భీమిలి మండలం కొత్తవలస ఉదంతం ఉంది. అక్కడ 15 ఎకరాలను ఎకరం లక్ష రూపాయల చొప్పున గత ప్రభుత్వం శారదా పీఠానికి ఇచ్చింది, 2024లో వచ్చిన ప్రభుత్వం రద్దు చేసింది. ఇలాంటి ఫైల్లో నేను వెతికేవి మూడు: కలెక్టరు పంపిన ధర ప్రతిపాదన, రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ, మంత్రివర్గం నిర్ణయించిన ధర. వాటి మధ్య తేడానే వార్త.

జీవోల విషయంలో ఒక జాగ్రత్త. 2021 ఆగస్టులో జీవోలను పాత వెబ్‌సైట్లో పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్యకాలపు జీవో సైట్లో కనిపించలేదని అసలు లేదనుకోకండి, నంబరు వేసి ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడగండి.

ఆర్టీఐ ఎలా రాయాలి

'ఫలానా సంస్థకు ఎందుకు మేలు చేశారు?' అని రాస్తే జవాబు రాదు. ఎందుకు అన్నది సమాచారం కిందికి రాదని తోసేస్తారు. ఇలా రాయండి: 'ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులోని భూమి కేటాయింపునకు సంబంధించిన ఫైలు మొత్తం, నోట్ ఫైలు పేజీలతో సహా, ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. నకళ్ల కంటే ముందు ఫైలును స్వయంగా పరిశీలించే అవకాశం ఇవ్వగలరు.' నోట్ ఫైలు అనే మాట మర్చిపోవద్దు. కింది గుమాస్తా పెట్టిన అభ్యంతరం, దానిమీద పై అధికారి రాసిన ఒక్క వాక్యం ఆ పేజీల్లోనే ఉంటాయి.

జిల్లా స్థాయి ఆఫీసుకు పది రూపాయల పోస్టల్ ఆర్డరు, మండల ఆఫీసుకు ఐదు రూపాయలు, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. కారణం చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు. ప్రైవేటు చర్చో, మఠమో ఆర్టీఐ కిందికి రాదంటే బెంగపడకండి. పుచ్చుకున్నవాళ్లను వదిలి ఇచ్చినవాళ్లను అడగండి: కలెక్టరేటు, జీవీఎంసీ, మైనారిటీ సంక్షేమ శాఖ, దేవాదాయ శాఖ.

అచ్చుకు ముందు

ఒక మతం సంస్థ మీద రాస్తున్నప్పుడు అదే పథకంలో, అదే మండలంలో మిగతా మతాల సంస్థలకు ఏం వెళ్లిందో కూడా అడిగి పట్టికలో పెట్టండి. ఇది చెయ్యని వార్తను నేను నమ్మను. సగం కాగితాలతో రాసినది ఎవరో ఒకరి చేతిలో కర్ర అవుతుంది, దెబ్బలు తగిలేది బస్తీలో పక్కపక్క ఇళ్లలో ఉన్నవాళ్లకి.

శీర్షికలో దేవుడి పేరు, వేళాకోళం వద్దు. మత భావాలను కావాలని గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద నేరం, పరువునష్టం 356వది. ప్రతి వాక్యానికి ఎదురుగా ఏ కాగితం, ఏ పేజీ అని మార్జిన్లో రాసి లాయరుకు చూపించండి. అర్చకుడి, పాస్టరు, ఇమాము ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు జాబితాలో ఉన్నా అచ్చు వెయ్యకండి. నెలకు ఐదు వేలు తీసుకునే మనిషి కాదు మన లక్ష్యం, నిబంధన తప్పిన అధికారి.

ఆరోపణ ఎవరిమీద ఉందో వాళ్లకు ప్రశ్నలు రాతలో పంపి, కనీసం నాలుగైదు రోజుల గడువివ్వండి. వచ్చిన జవాబును కత్తిరించి అర్థం మార్చకండి. రాకపోతే ఏ తేదీన పంపారో వార్తలోనే చెప్పండి. అచ్చయిన రెండు మూడు నెలలకు అదే ఫైలు మీద ఏం చర్య తీసుకున్నారని అదే ఆఫీసుకు ఇంకో ఆర్టీఐ పెట్టండి.