చేపల తొట్టిలో నీళ్లు నింపే ముందు

వేసవి సెలవులు వస్తున్నాయి, ఇంట్లో పిల్లలు అక్వేరియం అడుగుతారు. తిరుపతిలో కొత్తగా నీటి మొక్కలతో చేపల తొట్టి పెట్టేవారు ఇవి చూసుకోండి.

తొట్టి కొన్న రోజే చేపలు కొనకండి. చేపల వ్యర్థాలు, మిగిలిన మేత నుంచి పుట్టే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు అద్దంలా మెరిసే నీళ్లు కూడా విషమే కావచ్చు. ‘ఏమీ కాదండీ’ అన్న దుకాణదారు మాట నమ్మి నేను ఆరు గప్పీ చేపలు వేశాను. మూడో రోజుకు పైకి వచ్చి గుటకలు వేశాయి, ఐదో రోజుకు ఒక్కటీ మిగలలేదు. చేపలు లేని నీళ్ల తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ, నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపించేదాకా ఆగండి.

కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియానూ చంపుతుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు ముందే తెచ్చుకోండి.

ఫిల్టర్‌ను రాత్రిళ్లు ఆపకండి. నీటి కదలిక లేకపోతే ప్రాణవాయువు అందదు.

స్వర్ణముఖి ఒడ్డున ఏరిన రాయిని తొట్టిలో పెట్టే ముందు దాని మీద వెనిగర్ చుక్క వేయండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టే, అది నీళ్ల కాఠిన్యాన్ని ఇంకా పెంచుతుంది. మన బోరు నీళ్ల కాఠిన్యం చాలదా?

తొట్టిని కిటికీ పక్కన పెట్టకండి. ఎండకు నాచు పడుతుంది, మే నెలలో నీళ్లూ కాగుతాయి. లైటు రోజుకు 6 గంటలు చాలు.

అనూబియాస్ అనే నీటి మొక్క కాండాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్లుతుంది. రాయికి దారంతో కట్టండి.

60 లీటర్ల తొట్టిలో నీళ్లే 60 కిలోలు. ప్లాస్టిక్ బల్ల వద్దు.