లిఫ్టు లేవకపోతే వెంటనే పంపు విప్పించకండి

పాత ట్రాక్టరులో గొర్రు వంటి పనిముట్లను లేపే లిఫ్టు మొరాయిస్తే అందరి అనుమానమూ ముందు దానికి నూనెను తోసే పంపు మీదికే పోతుంది. దయచేసి తొందరపడకండి. మాసీ ఫెర్గూసన్ 1035 వంటి నమూనాల్లో పంపు బండి వెనక భాగంలోని హౌసింగులో, నూనెలోనే మునిగి ఉండి, పీటీఓ షాఫ్టుతో (ఇంజను శక్తిని వెనక పనిముట్లకు అందించే ఇరుసుతో) తిరుగుతుంది. పీటీఓ లీవరు న్యూట్రల్‌లో ఉంటే లిఫ్టు లేవదు. ముందు అది చూడండి.

తర్వాత నూనె. బండిని చదునైన చోట ఆపి, గొర్రును నేలకు దించి, కొలకడ్డీ తీయండి. పాలు ఎక్కువైన టీలా కనిపిస్తే నీళ్లు చేరినట్టే. దమ్ము చేసే బండ్లలో ఇది తరచూ జరుగుతుంది. పైన లీటరో రెండు లీటర్లో పోసి ఊరుకోవద్దు. గేర్లకూ అదే నూనె కదా! మొత్తం దించేసి, ఫిల్టరు శుభ్రం చేసి, కంపెనీ చెప్పిన రకమే నింపండి. మా బండికి పంపు మార్చాల్సిందేనన్నారు. తీరా చూస్తే ఫిల్టరు జాలీ నిండా వేలికి అంటుకునే నల్లటి మడ్డి. కడిగాక లిఫ్టు మామూలుగా లేచింది.

పైకి లేచి దిగకపోతే, చాలా ట్రాక్టర్లలో సీటు కింద దిగే వేగాన్ని సరిచేసే మర ఉంటుంది. అది పూర్తిగా బిగిసి ఉందేమో చూసి, మెల్లగా వదులు చేయండి. అంతకుముందే గొర్రు కింద గట్టి దుంగలు పెట్టండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి, మీరూ దాని కిందికి దూరకండి. అది దిగితే ఒక్కసారిగా దిగుతుంది.