కాఫీ మానడానికి మొండిపట్టు అక్కర్లేదు
'మానితే ఒక్కసారిగా మానాలి' అంటారు. కాఫీ విషయంలో ఆ సలహా తలనొప్పే, అక్షరాలా. కాఫీలోని కెఫీన్ మెదడులో మగత తెప్పించే రసాయనమైన అడినోసిన్‌ను అడ్డుకుంటుంది. హఠాత్తుగా ఆపితే 12–24 గంటల్లో తలనొప్పి, మగత, చిరాకు మొదలై 2 నుంచి 9 రోజులు ఉండొచ్చు. దాన్ని మనోబలం లేకపోవడం అనుకోవద్దు.

ముందు మూడు రోజులు ఎన్ని కప్పులు తాగారో రాసుకోండి. టీ, కూల్‌డ్రింకులు, కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది. లెక్క తప్పేది ఇక్కడే. తర్వాత మొదటి మోతాదులో నాలుగో వంతు చొప్పున వారం వారం తగ్గించండి. సాయంత్రం కప్పుతో మొదలుపెట్టండి: కెఫీన్‌లో సగం వదలడానికే సుమారు 5 గంటలు పడుతుంది మరి. తలనొప్పి వస్తే అదే మోతాదులో ఇంకో వారం ఆగండి.

మద్యానికి ఈ సొంతవైద్యం వద్దు. రోజూ ఎక్కువగా తాగేవారు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.